ఇంకొకరి పేరు మీద పద్నాలుగేండ్లు

పదకొండో భాగం

సిరిసిల్ల కాలేజీల శోభారాణి మేడం కంప్యూటర్ తెరను శ్రీశైలం దిక్కు తిప్పిన కాడ పోయిన వారం ఆగినం. మస్కట్ చేపల ఫ్యాక్టరీ ఇచ్చిన పద్నాలుగేండ్ల సర్టిఫికెట్లు, ట్రైనింగు కార్డులు, మేనేజరు మెచ్చుకొని రాసిచ్చిన ఉత్తరాలు అన్ని ఆ తెర మీద ఉన్నయి. కని ఉన్నది శ్రీశైలం క్రెడిట్ల ఖాతాల కాదు.

"మీరు చెప్పిన ఫ్యాక్టరీ పేరు కొడితే ఇవి వచ్చినయి. నాలుగు రోజుల కిందనే ఇంకో ఆధార్ నంబర్ మీద ఎక్కినయి. ఒకే అనుభవానికి ఇద్దరికి క్రెడిట్లు ఇయ్యలేం" అన్నది మేడం.

ఖాతా పేరు గోవర్ధన్. ఊరు కోరుట్ల. శ్రీశైలంకు తోడబుట్టిన అక్క మొగడు.

కథను మధ్యల అందుకున్నోళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలె. శ్రీశైలం ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టిన మనిషి. 2009ల మస్కట్ వీసా వచ్చినప్పుడు, పది పాసైనోని పాస్‌పోర్టు అయితెనే పని అయితదని ఏజెంటు తెగేసి చెప్పిండు. ఆ ఇంట్ల పది పాసైంది గోవర్ధన్ బావ ఒక్కడే. బావ మెమో, బావ పేరు, శ్రీశైలం ఫొటో, మూడు కలిపి పాస్‌పోర్టు చేయించిండ్రు. ఆ పేరుతోనే శ్రీశైలం విమానం ఎక్కిండు. ఆ పేరుతోనే హెల్పర్‌గ చేరి ఫోర్‌మన్ అయిండు. చేపలను గడ్డకట్టించే అమ్మోనియా మిషన్ల చప్పుడు విని ఏడ దెబ్బతిన్నదో చెప్పేటంత పని నేర్చిండు. వాపస్ వచ్చినంక జగిత్యాల శివారుల విశ్వజిత్ రావు మామిడికాయల కోల్డ్ స్టోరేజీల మెకానిక్‌గ కుదిరిండు. నలభై ఐదేండ్లు దాటినంక ఓపెన్ స్కూల్ల పది రాసి, ఈసారి సొంత పేరు మీద పాసైండు. ప్లాంటు ఇన్‌చార్జి కావాలంటే డిప్లొమా ఉండాలన్నరు. బతుకుల నేర్చుకున్న పనిని చదువు కింద లెక్కగట్టి క్రెడిట్లు ఇస్తున్నరని విని సిరిసిల్లకు పోయిండు. మిషన్ ముంగట పెట్టిన పరీక్షల పెద్ద సార్లే ముక్కున వేలేసుకున్నరు. దాని తర్వాతనే ఈ తెర.

శ్రీశైలం ఏదీ దాయలేదు. పేరు సంగతి మొత్తం మేడంకు చెప్పిండు. ఆమె ఇని, కండ్లద్దాలు తీసి, చీర కొంగుతోని తుడుచుకున్నది.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్న శ్రీశైలం గారు. మీ చేతులు చూసిన ఎవరైనా నమ్ముతరు. కని నా నమ్మకంతోని ఖాతా నిండది. ఈ సర్టిఫికెట్లు నావే అని మీరు రాసిస్తే పై కమిటీకి పంపుత. అండ్ల ఇంకొకరి పేరుతోని పాస్‌పోర్టు అన్న మాట రాయక తప్పదు. అది పోలీసుల దాకా పోతది. మీ ఒక్కరికే కాదు, పేరిచ్చిన ఆయనకు సుత కేసు అయితది."

"రాయకపోతే మేడం?"

"మొన్నటి పరీక్ష మార్కులు మీకు ఉంటయి. అవి చాలవు. మొదటి సంవత్సరం నుంచి కూసొని చదవాలె. మూడేండ్లు."

మూడేండ్లు ఆగడానికి విశ్వజిత్ సారు సిద్ధంగ లేడు. మామిడి సీజన్ నెల రోజులల్ల ఉన్నది.

* * *

సిరిసిల్లల బస్సెక్కి వేములవాడల దిగిండు. గుండ్లు కొట్టించుకున్న పిల్లలు, పసుపు బట్టల ఆడోళ్లు, కోడె మొక్కులు తీర్చుకొని వచ్చినోళ్లతోని బస్టాండు కిటకిటలాడుతున్నది. కోరుట్ల బస్సుల కిటికీ పక్కన సీటు దొరికింది. దొరికినందుకు సంబురపడే పానం లేదు.

ఆ కాయితాలన్ని ఒకటొకటే ఎట్ల ఇంటికి చేరినయో బస్సుల కూసొని యాది చేసుకున్నడు. కంపెనీ ఏ సర్టిఫికెట్ ఇచ్చినా, కోరుట్లకు సెలవు మీద పోయే మనిషిని పట్టుకొని, ప్లాస్టిక్ కవర్ల పెట్టి, అక్క రజితకు ముట్టజెప్పమని బతిమిలాడేటోడు. క్యాంపు రూములల్ల ఎనిమిది మంది ఉంటరు, పెట్టెలు తాళాలు ఆగవు. అక్క దగ్గరైతే పదిలం. ఫోన్ల అక్క అంటుండె, "అచ్చింది తమ్మీ, పెట్టెల పెట్టిన. ఇంగ్లీషుల ఏమున్నదో గని బంగారు రంగు ముద్ర మస్తు ముద్దుగున్నది."

పొలాల్ల వరి పొట్టకొచ్చి ఉన్నది. మేడిపల్లి దాటినంక కండక్టర్ టికెట్ అడిగితే రెండుసార్లు పిలిచేదాక ఇనవడలేదు. తిడుదామని పోతున్నడా, అడుగుదామని పోతున్నడా అతనికే తెల్వది. బావ ఆ పని చేసి ఉండడని, ఎవడో మోసగాడు చేసి ఉంటడని మనసుల ఒక మూల ఇంకా అనుకుంటనే ఉన్నడు.

* * *

రజిత గడప కాడ చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తున్నది. తమ్ముని చూడంగనే ఆమె వేళ్లు ఆగినయి. ఎందుకు వచ్చినవని అడుగలేదు. మంచినీళ్లు తెస్త అని లేవలేదు. ఆ ఒక్క తీరుకే శ్రీశైలంకు సంగతి సమజైంది. మోసగాడు ఎవడూ లేడు.

"బావ ఉన్నడా అక్కా?"

"ఇంట్ల లేక ఏడికి పోతడు తమ్మీ."

గోవర్ధన్ లోపల ప్లాస్టిక్ కుర్చీల కూసున్నడు. ఎడమ కాలు ముంగటికి చాపి ఉన్నది. చేతికందేటట్టు చంకకర్ర గోడకు ఆనిచ్చి ఉన్నది. తాడిచెట్టు మీదికెళ్లి పడి ఆరేండ్లు. తుంటికి రాడ్లు ఏసినా నడక సక్కగ కాలేదు. ఒకప్పుడు పొద్దున్నే ఇరవై చెట్లు ఎక్కిదిగిన మనిషి. భుజాలు ఇప్పటికి అట్లనే ఉన్నయి, కింది సగం మాత్రమే ఇంకెవరిదో అన్నట్టు.

"తెలిసిందన్నట్టు" అన్నడు గోవర్ధన్. "కూసో."

"కూసోను బావా. నా కాయితాలు నువ్వెందుకు ఎక్కించినవ్?"

"నీ కాయితాలా?" గోవర్ధన్ గొంతుల ఎగతాళి లేదు. నిజంగనే అడుగుతున్నట్టు అడిగిండు. "అండ్ల ఎవరి పేరున్నది?"

"పేరు నీది. పని నాది. అమ్మోనియా మిషన్ అంటె ఎట్లుంటదో నువ్వు కండ్లతోని సూడలే. సున్నాకు కింద ముప్పై డిగ్రీల గదులల్ల నేను పద్నాలుగేండ్లు పానం పెట్టిన. వేళ్ల తోలు ఊడిపోయింది. సూడు, ఇగో." రెండు చేతులు ముంగట పెట్టిండు. "ఒక్కనాడన్న నీకు అన్నం పెట్టిన చెట్టును నాది అన్ననా? మరి నా పనిని నీది అని ఎట్ల రాసుకున్నవ్?"

గోవర్ధన్ ఆ చేతులను చూసిండు. అటెనుక తన కాలును చూసుకున్నడు.

"నేను చెట్టు మీదికెళ్లి పడ్డప్పుడు ఫోన్ల అడిగినవ్, యాదికున్నదా? సర్కారు సాయం అస్తదా బావా అని. అస్తదన్న. రాలేదు. ఎందుకు రాలేదో నువ్వు మళ్ల అడుగలే, నేను చెప్పలే."

"ఎందుకు రాలే?"

"కల్లుగీత సొసైటీల ఎవడో పడనోడు పిటిషన్ పెట్టిండు. గోవర్ధన్ అనేటోడు మస్కట్‌ల ఉన్నడు, ఇగో పాస్‌పోర్టు నంబరు అని. ఆఫీసుల తీసి చూసిండ్రు. నిజమే. నేను పడ్డనాడు గోవర్ధన్ మస్కట్‌లనే ఉన్నడు. పోయింది ఉన్నది, తిరిగి అచ్చింది లేదు. నన్ను ఆటోల పండవెట్టి ఆఫీసుకు తోలుకపోయినరు. ఆ సారు అడిగిండు, మస్కట్‌ల ఉన్న మనిషివి కోరుట్ల తాడిచెట్టు మీదికెళ్లి ఎట్ల పడ్డవయ్యా అని. ఆఫీసంత నవ్విండ్రు." గోవర్ధన్ తుంటి మీద చెయ్యి ఆనిచ్చిండు. "నాకు సుత నవ్వచ్చింది. తుంటి ఇరిగి పండుకున్నోన్ని, నేను సుత నవ్విన శ్రీశైలం."

బయట రజిత చాట కింద పెట్టిన సప్పుడు ఇనవడ్డది.

"నిజం చెప్పకపోతివా బావా?"

"చెప్తె ఏమయితుండె? నిన్ను ఆడ్నే పట్టుకుంటుండ్రి. దొంగ పేరని జైల్ల ఏస్తుండ్రి. నేను చెప్తనే అన్న. మీ అక్కను అడుగు."

రజిత దర్వాజ కాడికి వచ్చి నిలబడ్డది. చేతులకు తునికాకు పొడి అంటుకొని ఉన్నది.

"నేనే వద్దన్న తమ్మీ. ఆయన కాళ్లు పట్టుకున్న. నా తమ్ముడు పరాయి దేశంల ఉన్నడు, వాని బతుకు ఆగమైతది, నీ కాలు ఇరిగింది ఇరిగింది అన్న. కట్టుకున్న మొగని కాలు పట్టుకొని గా మాట అన్న. అప్పుడు నేను నీ దిక్కు నిలబడ్డ. ఇప్పుడు ఎవరి దిక్కు నిలబడుమంటవ్, నువ్వే చెప్పు."

శ్రీశైలం కూసోను అన్నవాడు మంచం అంచు మీద కూసున్నడు.

"నాకెందుకు చెప్పలే ఇన్నేండ్లు?"

"చెప్తె మస్కట్ ఇడిసి దిగస్తుంటివా?" అన్నడు గోవర్ధన్.

బావ పడ్డ ఏడే శ్రీశైలం ఫోర్‌మన్ అయిండు. ఆ ఏడే మేనేజరు అందరి ముంగట భుజం తట్టి, గోవర్ధన్ లాంటి మనిషి ఈ ప్లాంటుకు ఇంకొకడు లేడన్నడు. దిగస్తుండెనా? లేదు. తెలిసినా రాకపోతుండె. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అందుకే ఎవ్వరూ మళ్ల అడుగలేదు.

"నాకూ పోవాలని ఉండె" అన్నడు గోవర్ధన్, గోడ దిక్కు చూసుకుంట. "నువ్వు పోయిన రెండేండ్లకు దుబాయి వీసా చెప్పిండ్రు. నా పేరు మీద పాస్‌పోర్టు ఇయ్యమంటె, ఉన్నది కదా అన్నరు. పది పాసైన నేను చెట్టెక్కిన. ఏడు చదివిన నువ్వు విమానం ఎక్కినవ్. నేనేం నిన్ను అనలే. ఇచ్చింది నేనే. కని సర్కారు కాయితాలల్ల మస్కట్‌కు పోయినోన్ని నేనైనంక, పోయినందుకు నష్టం నాకైనంక, పోయినోనికి అచ్చేదన్న నాకు రావొద్దా? అదన్న నాకు ఇయ్యరాదా?"

తప్పు అంటె బావ ఇరిగిన కాలు ముంగటనే ఉన్నది. ఒప్పు అంటె తన బతుకుల పద్నాలుగేండ్లు తానే తుడిచేసుకున్నట్టు. మస్కట్ ఎండల, క్యాంపు వాసనల, చలి గదులల్ల ఉన్నది ఎవరు మరి? శ్రీశైలం అనేటోడు ఆ రోజులల్ల ఏడున్నడు? ఏ రిజిస్టర్ల చూసినా ఏడా లేడు.

అంతల ఇంకో అనుమానం మెల్లగ తలెత్తింది.

"బావా, నీకు ఫోన్ల మెసేజ్ పంపుడే రాదు. ఖాతా తెరుసుడు, సర్టిఫికెట్లు ఎక్కించుడు నీకు ఎవరు చెప్పిండ్రు?"

గోవర్ధన్ రజిత దిక్కు చూసిండు. రజిత తల దించుకున్నది.

"మీ సారు అచ్చిండు తమ్మీ. విశ్వజిత్ సారు. తెల్లకారుల."

శ్రీశైలంకు మొదలు అర్థం కాలేదు. విశ్వజిత్ సారుకు కోరుట్లల ఏం పని? బావ ఇల్లు ఆయనకు ఎట్ల తెలిసింది? తర్వాత యాదికి వచ్చింది. కంప్రెసర్ బేరింగులు మార్చి, ఇద్దరు ప్లాంటు మెట్ల మీద కూసొని చాయ తాగుతుంటె, ఇంత పని ఏడ నేర్చినవ్ శ్రీశైలం అని ఆయన ఆప్యాయంగ అడిగిండు. పద్నాలుగేండ్లు పక్క మంచం మీద పన్నోనికి సుత చెప్పని ముచ్చట ఆయనకు చెప్పిండు. మంచోడని చెప్పిండు. ఆయన భుజం మీద చెయ్యేసి, నా నోట్లకెళ్లి బయటికి పోదన్నడు.

"ఆయననే నెట్ సెంటర్‌కు తోలుకపోయిండు" అన్నది రజిత. "పెట్టెల ఉన్న కాయితాలన్ని నేనే తీసిచ్చిన. నీకు చెప్పిండనే అనుకున్న మొదలు. పోయేటప్పుడు, శ్రీశైలంకు నేను చెప్త, మీరు చెప్పకుండ్రి అన్నడు. అప్పుడు తెలిసింది నాకు."

శ్రీశైలం అక్కడ్నే, వాళ్ల ముంగట్నే ఫోన్ చేసిండు. రెండో రింగుకు ఎత్తిండు విశ్వజిత్ రావు. గొంతుల తొట్రుపాటు లేదు. ఈ ఫోన్ కోసమే కూసున్నట్టు ఉన్నది.

"శ్రీశైలం, కోపం చెయ్యకు. చల్లగ ఆలోచించు. ఇన్సూరెన్సువాళ్లకు డిప్లొమా ఉన్న ఒక పేరు కావాలె. నాకు పని చేసే మనిషి కావాలె. నీ పేరు మీద పోతే మూడేండ్లు. మీ బావ పేరు మీద కాయితాలన్ని సక్కగ ఉన్నయి, పది మెమో నుంచి మస్కట్ దాక ఒకటే పేరు. ఆయన ఇన్‌చార్జి కుర్చీల కూసుంటడు, ఎక్కేది దిగేది లేదు. మిషన్లు నువ్వు చూసుకుంటవు. నిన్ను తీసేస్తున్ననా? లేదు కదా."

"నా పని సారు అది. నా పేరు మీద రావాలని పది రాసిన."

"మస్కట్‌ల ఆయన పేరు మీదనే చేసినవ్ కద పద్నాలుగేండ్లు. అప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడేంది?"

ఆ మాటకు శ్రీశైలం చెవి కాడ ఫోన్ అట్లనే పట్టుకొని కూసున్నడు. అవతల ఆయన ఇంకేమో అన్నడు, సీజన్ అన్నడు, లారీలు అన్నడు, పెట్టేసిండు. పరాయి దేశంల పరాయి పేరు ఒక బట్ట లెక్క. సాయంత్రం ఇప్పేస్తం, ఊరికి పోయినంక మన బట్టలు మనకున్నయి అనుకొని కట్టుకుంటడు మనిషి. సొంత జిల్లాల, సొంత భాషల, పుట్టిన ఊరికి గంట దూరంల, మళ్ల గోవర్ధన్‌గ బతకాలంటె ఇప్పి ఏడ పెడ్తడు? పోదామంటె ఇంకే ఊరున్నది?

"నేను కమిటీకి రాసిస్త" అన్నడు ఉన్నట్టుండి. "జరిగింది మొత్తం రాసిస్త. అయితే అయింది."

గోవర్ధన్ బెదరలేదు. "రాసియ్. జైలుకు ఇద్దరం పోదాం. నాకైతే పెద్ద తేడా లేదు, ఈ కుర్చీ కాకుంటె ఇంకో కుర్చీ. మీ అక్కకు బువ్వ ఎవరు పెడ్తరో అది సుత రాసియ్."

రజిత ఏడ్వలేదు. ఏడిస్తె బాగుండు అనిపించింది శ్రీశైలంకు. ఆమె ఊరికె నిలబడి చేతులకంటిన పొడిని ఒక్కొక్క వేలు నుంచి రాల్చుకుంటున్నది.

రాసియ్యడు. అనంగనే తెలిసింది అతనికి, రాసియ్యలేడని. బావ కాళ్లు పట్టుకొని అక్క తనను కాపాడింది. ఇప్పుడు అదే అక్క మొగన్ని పోలీసు స్టేషన్ మెట్లు, అదీ ఆ కాలుతోని, ఎట్ల ఎక్కిస్తడు?

గోవర్ధన్ కుర్చీ పక్కన ఉన్న గూట్లకెళ్లి ఒక కాయితం తీసిండు. మడతలు ఇప్పి శ్రీశైలం చేతిల పెట్టిండు. కాలేజీ ముద్ర ఉన్నది. రేపు పొద్దున పదకొండు గంటలకు రావాలె అని ఉన్నది.

"మాటల పరీక్షట. కాలు బాగలేదని డాక్టర్ రాసిచ్చిండు, మిషన్ ముట్టుకునేది లేదట. ముగ్గురు సార్లు కూసొని అడుగుతరట. మస్కట్‌ల చేసిన పని గురించి చెప్తె చాలట. చెప్పకపోతె ఆ కాయితాలు ఖాతాలకెళ్లి తీసేస్తరు. మళ్ల ఎవరూ ఎక్కించరాదట, నువ్వు సుత."

శ్రీశైలం ఆ కాయితాన్ని రెండుసార్లు చదివిండు.

"చెప్పు శ్రీశైలం" అన్నడు గోవర్ధన్. ఆ గొంతు ఇప్పుడు వాదించే గొంతు కాదు. పరీక్షకు పోయే పిలగాని గొంతు. "పద్నాలుగేండ్లు నేను మస్కట్‌ల ఏం చేసిన?"

శ్రీశైలం లేసి పోదామనుకున్నడు. లేవలేదు. రజిత లోపలికి పోయి ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చి మొగని చేతిల పెట్టింది. తమ్ముని మొఖం చూడలేదు.

"మొదలు ఏం అడుగుతరు?" అన్నడు గోవర్ధన్.

మొదలు ఏం అడుగుతరో శ్రీశైలంకు బాగ ఎరుక. అమ్మోనియా ప్లాంట్ల పని చేసిన మనిషిని ఏ దేశంల అయినా మొదలు అడిగేది ఒక్కటే. గ్యాస్ లీకైతె ఎటు ఉరుకాలె? తప్పు చెప్పిన మనిషి ఆ ప్లాంట్ల ఒక్కపూట సుత పని చేయలేదని సార్లకు అక్కడ్నే తెలిసిపోతది. రెండో ప్రశ్న ఉండదు. మస్కట్‌ల పైపు పగిలిననాడు నేపాల్ పిలగాడు ఒకడు గాలి పోయే దిక్కు ఉరికిండు. గ్యాస్ వానికంటె జోరుగ ఉరికింది. ఆరడుగులు పోయిండో లేదో పడిపోయిండు, మళ్ల లేవలే. శ్రీశైలం తడిబట్ట మూతికి కట్టుకొని, గాలికి ఎదురు నడిచి, వాల్వ్ కట్టేసి బతికిండు. ఆ ఏడు మేనేజరు ఇచ్చిన మెచ్చుకోలు ఉత్తరం కూడ ఇప్పుడు బావ ఖాతాలనే ఉన్నది.

ఒప్పు చెప్తె ఆ పద్నాలుగేండ్లు రేపటి నుంచి బావవి. తప్పు చెప్తె ఎవ్వరియి కావు. తనవి అయ్యే దారి ఈ రెండిట్ల ఏడా లేదు.

"గ్యాస్ లీకైతె ఏం చేస్తవని అడుగుతరు" అన్నడు.

గోవర్ధన్ నోటుబుక్కు తొడ మీద పెట్టుకొని, వంగి, ఆ ప్రశ్నను సక్కటి అక్షరాలతోని రాసుకున్నడు. పది ఫస్ట్ క్లాస్‌ల పాసైన మనిషి, దస్తూరి ఇప్పటికి ముద్దుగున్నది. రాసి, తలెత్తిండు.

"ఏం చేస్త?"

"తడిబట్ట మూతికి కట్టుకోవాలె. కట్టుకొని..."

"ఆఁ. కట్టుకొని?"

"గాలి ఎటున్నదో సూడాలె. సూసి, గాలి..."

శ్రీశైలం ఆగిండు. దర్వాజ కాడ రజిత మొట్టమొదటిసారి తలెత్తి తమ్ముని కండ్లల్లకు చూసింది.

"గాలి అన్నవ్" అన్నడు గోవర్ధన్, పెన్ను కాయితం మీద ఆనిచ్చే ఉంచి. "ఎటు పోవాలె?"